కిట్టూకి అమ్మ ఉత్తరం

కిట్టూ,

ఎలా ఉన్నావు నాన్నా. మేం అందరం బాగానే ఉన్నాం, నాన్నగారి మోకాలు కాస్త సర్దుకుంది, అక్క వాళ్ళు వచ్చి వెళ్ళారు. ప్రత్యేకంగా ఏం లేదు, ఊరికే రాస్తున్నా. మెసేజ్‌లు చూస్తున్నావు గానీ జవాబు రావట్లేదు, మెయిల్ అయితే తీరిగ్గా చదువుకుంటావు కదా అని.

మొన్న వాసు బాబాయ్ ఫోన్ చేశాడు. మాటల్లో మాటగా నువ్వు ఉద్యోగం మానేసి ఆ పాత ఫోన్లకి కొత్త సాఫ్ట్‌వేర్ రాసే పనిలోనే కూర్చున్నావట కదా అన్నాడు, ఎవరు చెప్పారంటే పండు చెప్పాడట. ఏం చెయ్యాలో వాడికి తెలుసులే అని పెట్టేశా. నేనేం అడగట్లేదు, నీకు చెప్పాలనిపించినప్పుడు చెప్తావు.

నువ్వు పంపిన కొత్త ఇమేజ్, అదే నువ్వు తయారుచేసిన సిస్టమ్ ఫైలు, పాత ఫోన్లో వేశాను. వైఫై బాగుంది, స్క్రీన్ తిప్పితే తిరుగుతోంది, కెమెరా మాత్రం ఇంకా రావట్లేదు, బ్యాటరీ సాయంత్రం దాకా ఆగట్లేదు, నిద్రలోకి వెళ్ళట్లేదేమో చూడు. అయినా కంపెనీ వాళ్ళు అప్‌డేట్లు ఆపేసిన ఫోన్ ఇంత కొత్త కెర్నెల్‌తో, అంటే సిస్టమ్‌కి గుండెకాయ లాంటి లినక్స్‌తో, నడుస్తుంటే నాకు ఎంత గొప్పగా ఉంటుందో. చిప్పు చేసేవాళ్ళు ఒక పాత కెర్నెల్ పట్టుకుని దానికి వాళ్ళ డ్రైవర్లు అతికించి ఇచ్చేస్తారని, ఫోన్ అమ్ముడైపోయాక దాన్ని ముందుకి జరిపేవాళ్ళు ఉండరని, అందుకే హార్డ్‌వేర్ బాగున్నా ఫోన్ ముసలిదైపోతుందని నువ్వు చెప్పినప్పటి నుంచి, డ్రాయర్లో పడున్న ఫోన్ ఏది చూసినా ప్రాణం ఉసూరుమంటుంది. 2017లో పాత ఫోన్లలో లినక్స్ నడపాలని పోస్ట్‌మార్కెట్‌ఓఎస్ మొదలెట్టినప్పుడే పదేళ్ళు నడిచే ఫోన్ కావాలన్నారంటే అది అత్యాశ అని నేను అనుకోను. నోకియా ఎన్900 వచ్చింది 2009లో, దాని మీద ఇప్పటికీ పని చేసేవాళ్ళున్నారు.

రాత్రి ఎన్నింటికి పడుకుంటున్నావు? పండు చెప్పినదాంట్లో అది కూడా ఉంది, తెల్లారేదాకా స్క్రీన్ ముందే ఉంటున్నావని.

ఆ కాల్ సౌండ్ గొడవ గుర్తుందా? రింగ్ వచ్చేది, ఎత్తితే నాకు నీ మాట లేదు, నీకు నా మాట లేదు. స్పీకర్ పోయిందేమో అన్నాను, పాట పెట్టి చూడమన్నావు, పాట చక్కగా మోగింది. మైక్ అనుకుంటే రికార్డింగూ బాగానే వచ్చింది. అప్పుడు చెప్పావు, ఫోన్ లోపల సిగ్నల్ పని చూసే మోడెమ్ అనేది వేరే కంప్యూటర్ లాంటిదని, దాని సాఫ్ట్‌వేర్ బయటివాళ్ళెవరూ చూడటానికి వీల్లేదని, ఆ ఫోన్లో కాల్ మాటలు మన లినక్స్‌ని ముట్టుకోకుండా మోడెమ్ నుంచి ఆడియో చిప్పుకి నేరుగా వెళ్తాయని, మనం చెయ్యాల్సిందల్లా ఆ దారి తెరవడమేనని. ఆండ్రాయిడ్‌లో ఆ పని కంపెనీ ఇచ్చిన మూసేసిన ఫైలు చేసేది, మన దాంట్లో చేసేవాళ్ళు లేరు. ఇంక చూడు, నువ్వు చెప్పడం నేను టైప్ చెయ్యడం, సౌండ్ దారులు మార్చే ఆల్సా మిక్సర్‌లో ఒక్కో స్విచ్ వెయ్యడం తియ్యడం, డీమెసేజ్ అనే కెర్నెల్ చిట్టాలో వచ్చిన లైన్లు నీకు చదివి వినిపించడం, నాన్నగారేమో ఇంకా పడుకోవా అని గుమ్మంలో నిలబడటం. ఎన్ని రాత్రులు పోయాయో. చివరికి అదే చిప్పు ఉన్న ఇంకో ఫోన్ మీద పని చేసే అబ్బాయెవరో, అసలు పేరు కూడా మనకి తెలీదు, ఆ దారి తెరిచి వదిలేస్తే చాలదు, కాల్ అయ్యేదాకా పట్టుకుని ఉండాలి, నువ్వు వదిలేస్తున్నావు, అదీ తేడా అని రాశాడు. ఒక్క చిన్న ప్రోగ్రామ్ పెట్టావు, హలో అన్నాను, అమ్మా వినిపిస్తోంది అని అరిచావు. నాకు కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. ఆ అబ్బాయి ఎక్కడున్నాడో గానీ చల్లగా ఉండాలి.

అతను అంతకుముందే అదంతా వికీలో రాసి పెట్టి ఉంటే ఆ రాత్రులు మిగిలేవి కదా, పాపం అతనికి మాత్రం తీరికేదీ. నువ్వు అయినా రాసి పెట్టు. నీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోయిన ప్యాచ్‌లు, ఆ కోడ్ దిద్దుబాట్లన్నీ, మెయిన్‌లైన్‌కి, అంటే అందరూ వాడే అసలు లినక్స్ కెర్నెల్‌కి పంపు, వాళ్ళు పదిసార్లు తిప్పి పంపినా విసుక్కోకు, అందులో చేరితేనే తర్వాత కెర్నెల్ మారినప్పుడు అందరూ కలిసి చూసుకుంటారు. లేకపోతే ప్రతి వెర్షన్‌కీ నువ్వొక్కడివే కూర్చుని సరిచెయ్యాలి, అది ఎన్నాళ్ళు చేస్తావు?

నీతులు చెప్పకూడదనే మొదలుపెట్టాను గానీ ఇది చెప్పక తప్పదు. సయనోజెన్‌మాడ్ సంగతి నాకంటే నీకే బాగా తెలుసు. కంపెనీ ఇచ్చిన ఆండ్రాయిడ్ బదులు ఫోన్లో వేసుకునేది, 2009లో ఒకతను సరదాగా మొదలెట్టింది, ఎంతోమంది చేతులు పడి పెద్దదైంది, 2013లో దాని పేరుమీద కంపెనీ పెట్టారు, 2016 డిసెంబర్‌లో ఆ కంపెనీ సర్వర్లన్నీ మూసేస్తామంది. పేరు పోయింది, కోడ్ మాత్రం అందరిదీ కాబట్టి అదే నెలలో లినేజ్‌ఓఎస్ అని మళ్ళీ లేచారు. ఉబుంటు టచ్ అనే ఫోన్ లినక్స్‌ని 2017 ఏప్రిల్‌లో దాన్ని చేసిన కెనానికల్ కంపెనీ వదిలేస్తే యూబీపోర్ట్స్ అనే వాలంటీర్లు ఎత్తుకున్నారు. ఎత్తుకోడానికి తెలిసినవాళ్ళు పక్కనే ఉన్నారు కాబట్టి బతికాయి. అదే చూసుకునే మనిషి, మెయింటైనర్, ఒక్కడే ఉన్న ఫోన్ అయితే, అతను అలిసిపోయి వెళ్ళిపోతే అంతే, లినేజ్‌లో అలాంటి ఫోన్లకి కొత్త వెర్షన్ల బిల్డ్‌లే ఆగిపోతాయి. నీ ఫోన్‌కి ఇంకో మనిషి ఉన్నారా? ఫోన్ రాసుకునే ఆ లాగ్‌లు పంపే అమ్మాయి ఉందన్నావు, ఆమెకి నేర్పించు, మార్పుల్ని కోడ్‌లో కలిపే, అదే మెర్జ్ చేసే హక్కు కూడా ఇప్పించు. నీకంటే నెమ్మదిగా చేస్తుందని నువ్వే చేసేసుకోకు, నీకు చిన్నప్పటి నుంచీ ఆ అలవాటుంది.

కొత్త వెర్షన్ ఎప్పుడొస్తుంది ఎప్పుడొస్తుంది అని రోజూ అడిగేవాళ్ళకి జవాబులు ఇస్తూ కూర్చోకు. బ్యాంక్ యాప్ నడవట్లేదని తిట్టేవాళ్ళ మాట మనసుకి తీసుకోకు. అది గూగుల్ వాళ్ళ పరీక్షల్లో పాసైన ఫోన్లోనే నడిపిస్తామని బ్యాంకులు పెట్టుకున్న షరతు, నువ్వు నిద్ర మానుకుంటే తీరేది కాదు. వోల్టీ, అదే ఫోర్‌జీ మీద కాల్స్ నడిచే ఏర్పాటు, అది మాత్రం ముందు చూడండి, థీమ్‌లు తర్వాత. చాలా దేశాల్లో త్రీజీ మూసేశారు, వోల్టీ లేకపోతే మాట్లాడే ఫోన్ కాస్తా మాట్లాడని ఫోన్ అయిపోతుంది. ఆపద వస్తే ఫోన్ కలవాలి కదా.

డబ్బు విషయం. ఎన్‌ఎల్‌నెట్ అనే సంస్థ వాళ్ళు ఇలాంటి పనులకి గ్రాంట్లు ఇస్తారని నువ్వే చెప్పావు, పోస్ట్‌మార్కెట్‌ఓఎస్‌కి కూడా ఇచ్చారు. అప్లికేషన్ పెట్టావా? అయినా అది ఒప్పుకున్న ఒక్కో పని పూర్తయ్యాక వచ్చేది, నెల జీతం కాదు. ఉద్యోగం మానేసి ఉంటే ఇన్సూరెన్స్ ఏమైంది, ఇంటద్దె ఎలా కడుతున్నావు? మానేశావా లేదా ముందు అది చెప్పు. మానేసినా ఈ పనికోసమే అయితే నేను ఒక్క మాట అనను, నాన్నగారితో నేను మాట్లాడతాను. చెప్పకుండా ఉండటమే నాకు కష్టంగా ఉంది. వాసు బాబాయ్ నోట వినాల్సి వచ్చింది చూడు.

కళ్ళజోడు నంబర్ మారిందేమో చూపించుకో. కుర్చీ సరిగ్గా ఉందా? సోల్డరింగ్ చేసేటప్పుడు కిటికీ తెరిచి పెట్టుకో, ఉబ్బిన బ్యాటరీలు మంచం కింద పెట్టకు, అవి అంటుకుంటాయి.

బ్యాటరీ లాగ్ ఈ మెయిల్‌కే జత చేశాను, రాత్రంతా స్క్రీన్ ఆపి పెట్టి తీసింది. ఇప్పుడే చూడక్కర్లేదు, ఆ అమ్మాయికి పంపి ఆమెని చూడమను. నువ్వు ఆదివారం పొద్దున్న ఫోన్ చెయ్యి, నాన్నగారు నడకకి వెళ్ళి ఉంటారు.

అమ్మ