ఇద్దరు రాబర్ట్ పీల్‌లు

సంపాదకుడు గారికి,

మా అబ్బాయి క్విజ్ పుస్తకంలో రాబర్ట్ పీల్ బ్రిటన్ ప్రధాని అనీ, టెస్టు బౌలర్ అనీ ఒకే మనిషిగా అచ్చేశారు. చూసి బాధేసింది. 1829లో హోంమంత్రిగా లండన్ పోలీసు దళాన్ని పెట్టి, తర్వాత ప్రధాని అయిన పీల్ 1850లోనే చనిపోయారు. యార్క్‌షైర్ ఎడమచేతి స్పిన్నర్ బాబీ పీల్ (రాబర్ట్‌కు ముద్దుపేరే బాబీ) పుట్టిందే 1857లో! ఆడిన 20 టెస్టులూ ఆస్ట్రేలియా మీదే, వికెట్లు 101. 1894 సిడ్నీ టెస్టులో ఫాలోఆన్ (మొదటి ఇన్నింగ్స్‌లో బాగా వెనకబడి వెంటనే మళ్లీ బ్యాటింగ్) ఆడిన ఇంగ్లండ్ 10 పరుగులతో గట్టెక్కిందంటే, రెండో ఇన్నింగ్స్‌లో ఆయన తీసిన 6 వికెట్లే కారణం. లండన్ పోలీసులను 'బాబీ'లనేది మాత్రం ఆ మంత్రి పేరు మీదే. అంతటి బౌలర్‌ను ఇంకొకరి ఖాతాలో కలిపేయడం అన్యాయం. పేరు పక్కన జనన, మరణ సంవత్సరాలు వేయండని ప్రచురణకర్తలను కోరుతున్నాను. మావాడు ఆ పేజీని పెన్సిల్‌తో దిద్దుకున్నాడు.

– ఒక పాఠకుడు, గుంటూరు