ఐదు గోల్డ్ గ్లవ్‌లు ఉన్నంత మాత్రాన జీటర్ గొప్ప ఫీల్డర్ అయిపోతాడా?

ఎడిటర్ గారికి నమస్కారం,

అమెరికా బేస్‌బాల్‌లో న్యూయార్క్ యాంకీస్ జట్టుకి ఆడిన డెరెక్ జీటర్ పేరెత్తితే చాలు, బ్యాటింగ్‌లోనూ ఫీల్డింగ్‌లోనూ తిరుగులేదు అని రాసేస్తుంటారు. బ్యాటింగ్ గురించి నేను ఒక్క మాట కూడా అనను, 3,465 హిట్లు (బంతిని కొట్టి అవుట్ కాకుండా బేస్ చేరడం) కొట్టినోడు, 2020లో హాల్ ఆఫ్ ఫేమ్‌కి 397 ఓట్లలో 396 పడ్డాయి, దానికి వంక పెట్టేదేముంది. కానీ ఫీల్డింగ్‌లో మాత్రం, ఉత్తమ ఫీల్డర్లకిచ్చే గోల్డ్ గ్లవ్ అవార్డు ఐదుసార్లు వచ్చినా, ఆయనకున్న పేరుకీ ఆడిన ఆటకీ పొంతన లేదండీ.

జీటర్ ఆడిన స్థానం షార్ట్‌స్టాప్, ఆ ఫీల్డర్ నిలబడేది సెకండ్ బేస్‌కీ థర్డ్ బేస్‌కీ మధ్యలో, నేల మీద దూసుకొచ్చే బంతులు చాలా వరకు అటే పోతాయి. చేతికందిన బంతిని జీటర్ శుభ్రంగా పట్టేవాడు, 2010లో సీజన్ మొత్తానికి చేసినవి 6 ఎర్రర్లే. ఇంకేం కావాలి అనిపిస్తుంది కదా, కానీ బంతి దాకా వెళ్లి తడబడితేనే ఎర్రర్ అని రాస్తారు, తన ఎడమ పక్కన సెకండ్ బేస్ వైపు పోయే బంతిని ఒక్క అడుగు తేడాలో అందుకోలేకపోతే అది బ్యాటర్ ఖాతాలో హిట్ అయిపోతుంది, జీటర్ లెక్కలో ఏమీ పడదు. క్రికెట్‌లో కూడా క్యాచ్ వదిలేసినోడిని తిడతాం గానీ అసలు బంతి దగ్గరికే చేరనోడిని ఏమీ అనం. అలా దాటిపోయిన బంతుల్ని కూడా లెక్కలోకి తీసుకునే డిఫెన్సివ్ రన్స్ సేవ్డ్ (సగటు ఫీల్డర్‌తో పోలిస్తే ఎన్ని పరుగులు ఆపాడన్న లెక్క) చూస్తే 2003 నుంచి ఆయన రిటైరయిన 2014 దాకా అంతా కలిపి వంద పరుగులకి పైనే మైనస్‌లో ఉన్నాడు.

మరి పేరెలా వచ్చిందంటే, కొన్ని సీన్లు అలా కళ్లలో ఉండిపోయాయి. 2001 ప్లేఆఫ్స్‌లో ఓక్లండ్ మీద యాంకీస్ 1-0తో ముందున్నప్పుడు, రైట్ ఫీల్డ్ నుంచి విసిరిన బంతి మధ్యలో అందుకోవాల్సిన వాళ్ల తలల మీదుగా పోతే, జీటర్ గ్రౌండ్‌కి అడ్డంగా పరిగెత్తుకొచ్చి దాన్ని పట్టి పక్కకి అలా తోశాడు, క్యాచర్ పొసాడా ఓక్లండ్ రన్నర్ జెరెమీ గియాంబీని అవుట్ చేశాడు. అక్కడికి రావాలన్న ఆలోచన రావడమే గొప్ప, అది ఎన్నిసార్లు చూసినా నాకు ఒళ్లు పులకరిస్తుంది. 2004 జూలైలో రెడ్ సాక్స్ మీద క్యాచ్ పట్టి ఆ ఊపులో ప్రేక్షకుల మీద పడి మొహం పగలగొట్టుకున్నాడు. తెగువ ఉంది, బుర్ర ఉంది, లేనిదల్లా రోజూ వచ్చే మామూలు బంతికి చేరుకునే ఆ ఒక్క అడుగే.

ఇక అవార్డంటారా, అప్పట్లో పూర్తిగా మేనేజర్లు, కోచ్‌ల ఓట్లే. 1999లో రఫెయిల్ పాల్మీరో ఫస్ట్ బేస్‌లో ఆడింది 28 మ్యాచ్‌లు, అయినా గోల్డ్ గ్లవ్ ఆయనకే ఇచ్చారు! 2013 నుంచి గణాంకాలకి దాదాపు నాలుగో వంతు చోటిచ్చారు గానీ జీటర్‌కి వచ్చిన ఐదూ అంతకు ముందువే. వాటిలో 2009ది ఒప్పుకుంటాను, ఆ ఏడాది నిజంగానే బాగా కదిలాడు.

నాకు ఇప్పటికీ మింగుడు పడనిది 2004 సంగతి. అంతకు ముందు రెండేళ్లూ షార్ట్‌స్టాప్‌గా గోల్డ్ గ్లవ్ తీసుకున్న అలెక్స్ రోడ్రిగెజ్ యాంకీస్‌కి వస్తే ఆయన్ని థర్డ్ బేస్‌కి పంపి జీటర్‌ని అక్కడే ఉంచారు, పైగా జీటర్‌కి మొదటి గోల్డ్ గ్లవ్ ఇచ్చింది కూడా ఆ ఏడాదే. కెప్టెన్ అని మొహమాట పడకుండా జీటర్‌నే పక్కకి జరపాల్సింది.

ఇట్లు,
మీ పాఠకుడు