ఎక్స్‌పీ కంప్యూటర్లకు 4 టీబీ డిస్కులు అంటగట్టొద్దు

సంపాదకులకు,

మన డీటీపీ సెంటర్లు, చిన్న ప్రెస్సుల్లో విండోస్ ఎక్స్‌పీ ఇంకా నడుస్తూనే ఉంది. పేజ్‌మేకర్‌లో, అను ఫాంట్లతో చేసిన పెళ్లిపత్రికలు, కరపత్రాలు, పుస్తకాల ఫైళ్లు అందులో ఉంటాయి. మైక్రోసాఫ్ట్ 2014 ఏప్రిల్ 8న మద్దతు ఆపేసింది కదా, మార్చుకోండి అని సలహా ఇవ్వడం తేలికే. ఈలోగా పాత డిస్కు పాడైతే ‘ఎక్కువ జాగా, తక్కువ ధర’ అంటూ దుకాణదారు 4 టీబీ డిస్కు చేతిలో పెడతాడు. చిక్కు అక్కడే మొదలవుతుంది.

ఎక్స్‌పీ 32 బిట్ రకం పాత ఎంబీఆర్ పద్ధతి పార్టిషన్లనే (డిస్కును విడగొట్టిన భాగాలను) చదవగలదు. ఏ భాగం ఎక్కడుందో డిస్కు మొదట్లో రాసే పట్టికే ఎంబీఆర్. ఆ పట్టికలో సెక్టార్ (డిస్కులోని అతి చిన్న గడి) నంబరుకు ఉన్న చోటు 32 బిట్లు. 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే అది 2.2 టీబీ దగ్గర ఆగిపోతుంది. అంతకు మించిన డిస్కుకు జీపీటీ అనే కొత్త రకం పట్టిక కావాలి, అది ఎక్స్‌పీకి తెలియదు. పాత డ్రైవర్లు పెద్ద అంకెను కోసేయడం వల్ల 3 టీబీ డిస్కు ఒక్కోసారి 746 జీబీగా కనిపిస్తుంది. డిస్కులో లోపం ఉందనుకుని అక్కడే ఫార్మాట్ చేస్తే అందులో అప్పటికే ఉన్న ఫైళ్లపై ఆశ వదులుకోవాల్సిందే.

డిస్కును లోపల పెట్టి తగిలించే కొన్ని యూఎస్‌బీ పెట్టెలు 4096 బైట్ల సెక్టార్లుగా చూపించి ఈ హద్దు దాటిస్తాయి. బాగానే పనిచేస్తాయి. కానీ ఆ పెట్టె కాలిపోయి, డిస్కును బయటికి తీసి నేరుగా సాటా తీగకు తగిలిస్తే సెక్టార్ లెక్క మారిపోయి డిస్కు ఖాళీగా కనిపిస్తుంది. ఉన్న ఒక్క కాపీని అలాంటి పెట్టెలో దాచడం మంచిది కాదు.

కాబట్టి 1 టీబీ, మహా అయితే 2 టీబీ కొనండి. అక్కడా ఒక మెలిక ఉంది. ఇప్పటి డిస్కులు పైకి 512 బైట్లని చెప్పుకున్నా లోపల 4096 బైట్ల సెక్టార్లతో పనిచేస్తాయి. ఎక్స్‌పీ తన మొదటి పార్టిషన్‌ను 63వ సెక్టార్ వద్ద మొదలుపెడుతుంది. 63ను 8 నిశ్శేషంగా భాగించదు కాబట్టి ప్రతి 4 కేబీ ముక్కా రెండు అసలు సెక్టార్ల మీద పడుతుంది. ఒక్క ముక్క రాయడానికి డిస్కు ఆ రెండింటినీ చదివి, మార్చి, తిరిగి రాయాలి. ‘కొత్త డిస్కు పాతదానికన్నా నెమ్మది’ అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

మందు సులువే. డిస్కును ముందు విండోస్ 7 లేదా 10 ఉన్న యంత్రానికి తగిలించండి. విండోస్‌తోనే వచ్చే డిస్క్‌పార్ట్ అనే ఆదేశాల పనిముట్టులో ‘లిస్ట్ డిస్క్’తో నంబరు చూసి, ఒకటికి రెండుసార్లు సరిచూసుకుని ఎంచుకోండి. తర్వాత ‘క్లీన్’ (డిస్కులో ఉన్నదంతా పోతుంది), ‘కన్వర్ట్ ఎంబీఆర్’, ‘క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ అలైన్=1024’ (పార్టిషన్ 1024 కేబీ వద్ద, అంటే 8 భాగించే సెక్టార్ వద్ద మొదలవుతుంది), ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్. ఎక్స్‌పీని ఈ డిస్కు నుంచే బూట్ చేయాలంటే ‘యాక్టివ్’ కూడా కొట్టాలి. ఎన్ని పార్టిషన్లు కావాలన్నా అక్కడే చేసేయండి. ఎక్స్‌పీ సెటప్‌లో ఉన్న పార్టిషన్‌నే ఎంచుకుని, ఫైల్ సిస్టమ్‌ను మార్చొద్దనే చివరి ఎంపిక నొక్కాలి. దాన్ని తొలగించి మళ్లీ చేస్తే కథ మళ్లీ 63కే వస్తుంది. సెటప్ మధ్యలో నీలితెర మీద 7బి కోడ్ వస్తే బయోస్‌లో (కంప్యూటర్ ఆన్ కాగానే తెరిచే సెట్టింగుల్లో) సాటా పద్ధతిని ఏహెచ్‌సీఐ నుంచి పాత ఐడీఈకి మార్చండి. ఎక్స్‌పీ సీడీలో ఏహెచ్‌సీఐ డ్రైవర్ ఉండదు.

ఎక్స్‌పీ సీడీ సర్వీస్ ప్యాక్ 1 (మైక్రోసాఫ్ట్ ఇచ్చిన మొదటి సవరణల కట్ట) కన్నా పాతదైతే అసలు వాడొద్దు. అది 137 జీబీ దాటి చూడలేదు.

డిస్కు ఇప్పటికే వాడుకలో ఉంటే ‘ఎంఎస్‌ఇన్ఫో32’ తెరిచి, స్టోరేజ్‌లో డిస్కుల కింద మొదటి పార్టిషన్‌కు ‘పార్టిషన్ స్టార్టింగ్ ఆఫ్‌సెట్’ (అది ఎన్నో బైటు వద్ద మొదలైందో చెప్పే అంకె) చూడండి. 32,256 ఉంటే తప్పు, 1,048,576 ఉంటే సరి.

2 టీబీ కన్నా ఎక్కువ జాగా నిజంగా కావాలంటే పెద్ద డిస్కును మరో యంత్రంలో పెట్టి నెట్‌వర్క్‌లో షేర్ చేయండి. డిస్కు లెక్కలు ఆ యంత్రమే చూసుకుంటుంది కాబట్టి ఎక్స్‌పీకి 2.2 టీబీ హద్దు అడ్డురాదు. అయితే ఎక్స్‌పీకి వచ్చింది నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకునే ఎస్ఎంబీ పద్ధతిలో మొదటి వెర్షన్ ఒక్కటే, కొత్త విండోస్ దాన్ని భద్రత కోసం మూసే ఉంచుతుంది. తెరవక తప్పకపోతే ఆ రెండు యంత్రాలనూ ఇంటర్నెట్ లేని విడి స్విచ్‌కు మాత్రమే కలపాలి.

– ఒక హార్డ్‌వేర్ టెక్నీషియన్, విజయవాడ