మొన్న తప్తపాణి ట్రిప్పు ఎందుకు ఆపానంటే

సోంపేట, ఇచ్ఛాపురం నుంచి ఏటా చలికాలం మా వ్యానులో ఒడిశాలోని తప్తపాణి వేడినీటి ఊటకి వస్తున్న అందరికీ నమస్కారం. సీట్లు నిండక మొన్నటి ట్రిప్పు ఎత్తేశానని ఊళ్లో అనుకుంటున్నారట. నాకు చాలా బాధేసింది. ఒక్క సీటూ ఖాళీ లేదు. బండిని చూసి ఆపాను.

మన వ్యాను ఇంజిన్ పనికి షెడ్డులో ఉండటంతో అద్దె బండి మాట్లాడాను. కొత్త టైర్లు వేయించానన్నాడు దాని యజమాని. తెల్లవారుజామున ఫోను లైటు వేసి చూద్దును కదా, వెనక టైర్లు నున్నగా అరిగిపోయి ఉన్నాయి. లోపలి చక్రానికైతే తీగ బయటపడింది. ఫోన్ చేస్తే, "ఏటి బాబూ, ఇన్నాళ్లూ తిరిగిన బండే గదా, మీకొక్కరికే వచ్చిందా భయం?" అన్నాడు. ఇచ్చిన అడ్వాన్సు ఇంతవరకూ వెనక్కి రాలేదు. నేను అడగను. ఆ మనిషి బండి మాత్రం ఇక మన గుమ్మం ముందు ఆగదు.

బరంపురం దాకా హైవేనే కాబట్టి, అక్కణ్ణించి గోపాలపురం బీచికి తిప్పి తెచ్చేయమని కొందరు పెద్దలు అన్నారు. చాలాసేపు ఊగిసలాడాను. కానీ మీరు బయల్దేరింది మోకాళ్లు గంధకం నీళ్లలో పెట్టుకోవడానికి. సముద్రమే అయితే మనకి బారువలో లేదా? తప్తపాణికైతే దిగపహండి దాటాక ఘాట్ రోడ్డు. వచ్చేటప్పుడు నిండు బండిని ఆ మలుపుల్లో బ్రేకు మీద దించాలి. ఒళ్లో పులిహోర డబ్బాలతో కూర్చున్నవాళ్లని దిగమనడానికి నోరు రాలేదు. అయినా దిగమన్నాను. డబ్బు ఆ పూటే మొత్తం ఇచ్చేశాను.

సంక్రాంతి తర్వాతి ఆదివారం మన సొంత వ్యానే వస్తుంది, పాత చార్జీకే. ఎప్పటిలాగే జిరంగ్ బౌద్ధ విహారం కూడా చూసి వద్దాం.

కొత్తవాళ్లకి ఒక మాట. ఊట దగ్గర నీళ్లు బాగా వేడి, చేయి పెట్టొద్దు. కాలువ కట్టి మళ్లించిన కొలనులోనే స్నానం. అక్కడ అగ్నిపర్వతం ఏమీ లేదు. వాన నీరు రాతి పగుళ్ల వెంట లోతుకి దిగి, భూమి వేడికి కాగి పైకొస్తుంది. ఉడికిన గుడ్డు వాసన గంధకానిదే. వెండి పట్టీలు ఇంట్లో తీసేసి రండి, నల్లబడతాయి. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు డాక్టర్ని అడిగాకే నీళ్లలో దిగండి.

సీటు కావలసినవాళ్లు మా కొట్టుకి వచ్చి రాయించుకోండి. మొన్న తిరిగి వెళ్లినవాళ్ల పేర్లు ముందే రాసి ఉంచాను.