ఓటరును తిడితే సరిపోతుందా?

సంపాదకుడు గారికి,

సర్కారు జోక్యం వీలైనంత తగ్గాలి, మనిషి స్వేచ్ఛే ముఖ్యం అనే లిబర్టేరియన్ సిద్ధాంతం జనానికి ఎందుకు పట్టలేదో చెబుతూ పోయిన వారం మీరు వేసిన వ్యాసం చదివాను. కోపం తగ్గాక రాద్దామని నాలుగు రోజులు ఆగాను, తగ్గలేదు. వ్యాసకర్త తేల్చింది ఒకటే: జనం ఉచితాలకు మరిగారు, స్వేచ్ఛ విలువ వాళ్లకు తెలియదు. ఓడినవాడు ఓటరును తిట్టడం కొత్తేమీ కాదు లెండి.

అమెరికాలో లిబర్టేరియన్ పార్టీ 1971లో పుట్టింది. అధ్యక్ష ఎన్నికల్లో దాని రికార్డు 2016లో వచ్చిన 3 శాతం చిల్లర ఓట్లు. 2024లో అర శాతమూ రాలేదు. మన దగ్గర రాజాజీ, ఎన్.జి.రంగా 1959లో పెట్టిన స్వతంత్ర పార్టీ కూడా ఆ బాట పట్టిందే. 1967లో లోక్‌సభలో 44 సీట్లు తెచ్చుకుని కాంగ్రెస్ తర్వాతి స్థానంలో నిలిచింది. 1971 వచ్చేసరికి మిగిలినవి 8. నాలుగేళ్లలో దేశమంతా మతి పోగొట్టుకుందా? ఏ వ్యాపారం చేయాలన్నా సర్కారు అనుమతి కోసం పడిగాపులు కాయాల్సిన ఆనాటి పద్ధతిని 'పర్మిట్ లైసెన్స్ రాజ్' అని రాజాజీ అన్నది నిజమే. ఆ నిజాన్ని ఆ పార్టీలో చేరిన మాజీ మహారాజుల పక్కన నిలబడి చెబితే కూలివాడు నమ్మేదెలా?

జనానికి సర్కారు మీద కోపం లేకనా? నేను ఒక్క సంతకం కోసం ఆరుసార్లు తిరిగాను. ఏడోసారి వెళ్తే సారు బదిలీ అయ్యారన్నారు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు. అయినా ఆఫీసు సరిగ్గా పనిచేయమని అడుగుతాం గానీ, ఎత్తేయమని అడగం. రోగమొస్తే, పంట పోతే గతేమిటంటే 'మార్కెట్ చూసుకుంటుంది, దాతలు చూసుకుంటారు' అంటారు ఈ లిబర్టేరియన్లు. వినేవాడికి టెన్షన్ పెరగదా? 2023లో అర్జెంటీనా అధ్యక్ష ఎన్నికల్లో లిబర్టేరియన్‌నని చెప్పుకునే మిలే గెలవలేదా అని కూడా అనొచ్చు. ఏడాదిలో ధరలు రెట్టింపు దాటిన దేశమది. పాతవాళ్ల మీద విసుగుతో ఓటేశారు, సిద్ధాంతం బట్టీపట్టి కాదు.

పన్ను కట్టేటప్పుడు అందరం లిబర్టేరియన్లమే. పెన్షన్ పది రోజులు ఆలస్యమైతే ప్రభుత్వం నిద్రపోతోందా అని అరిచేదీ మనమే. వ్యాసకర్త మినహాయింపు కాబోలు.

ఇక మీ సంగతి. వ్యాసం పొడవునా 'ఉదారవాదం' అని అచ్చేశారు. అది లిబరలిజం అండీ. లిబర్టేరియనిజం అంటే స్వేచ్ఛావాదం. ఒకప్పుడు తప్పు దొర్లితే మర్నాడే సవరణ కనిపించేది. ఇప్పుడు ప్రూఫులు చూసే మనిషి ఉన్నాడా, ఆ పనీ మార్కెట్‌కే వదిలేశారా?

ఇట్లు,
పాత చందాదారుడు