ఏం రాశారో చదివి వినిపించాకే సంతకం అడగండి

సంపాదకులు గారికి,

ఆడపిల్లల ఆస్తి హక్కు మీద పోయిన వారం మీరు వేసిన వ్యాసంలో చట్టం ఏమిచ్చిందో ఉంది. ఇచ్చింది ఎలా పోతోందో లేదు. గుంటూరు చుట్టుపక్కల ఏ రిజిస్ట్రేషన్ ఆఫీసు దగ్గరైనా ఒక పూట నిలబడితే అది కనిపిస్తుంది.

మా పెదనాన్న సంవత్సరీకాలకు వచ్చిన ఆయన కూతురిని, మా అక్కయ్యను, మర్నాడే అన్నదమ్ములు తీసుకెళ్లి, పుట్టింటి ఆస్తిలో తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల దస్తావేజు రాయించారు. ఆవిడకు అరవై రెండేళ్లు, చదువు ఐదో తరగతి. పసుపు కుంకుమ కింద ఒక చీర, యాభై వేలు చేతిలో పెట్టారు. లేఖరి కాగితాలు తిప్పుతూ ఎక్కడ సంతకం చేయాలో వేలు పెట్టి చూపించాడు. లోపల ఆధార్, ఫొటో, వేలిముద్ర అయ్యాక అధికారి అడిగింది ఒక్కటే: "సంతకం మీదేనా?" బయటికొచ్చాక అక్కయ్య నన్నడిగింది, "ఏం రాశార్రా తమ్ముడూ అందులో?" సాక్షి సంతకం పెట్టిన నేనూ చదవలేదు. ఆ సిగ్గుతోనే ఈ ఉత్తరం రాస్తున్నాను.

కేంద్రం కంటే 20 ఏళ్ల ముందే, 1985 సెప్టెంబరు 5 నుంచి, ఎన్టీ రామారావు ప్రభుత్వం పిత్రార్జితంలో ఆడపిల్లలకు సమాన వాటా ఇచ్చింది. అప్పటికే పెళ్లయిన మా అక్కయ్యలాంటి వాళ్లకు అది దక్కలేదు. 2005 సెప్టెంబరు 9న కేంద్ర సవరణ అమల్లోకి వచ్చాకే వాళ్లకూ హక్కు వచ్చింది. ఇన్నేళ్లకు వచ్చింది రెండు నిమిషాల్లో పోయింది! అడిగితే పుట్టింటి రాకపోకలు ఆగిపోతాయని భయం. రాజధాని వచ్చాక పొలాల ధరలు పెరిగేకొద్దీ అన్నదమ్ముల తొందరా పెరిగింది.

దస్తావేజులో ఏముందో చూడటం తమ పని కాదంటారు అధికారులు. మరి ఎవరి పని? సర్వర్ లేదని గంటలకొద్దీ ఎండలో కూర్చోబెడతారు కదా, ఆ సమయంలో చదివి వినిపించలేరా? అన్నదమ్ములను బయటికి పంపి ఆవిడనొక్కదాన్నే అడగలేరా? ఆదాయంతో పనిలేకుండా ఆడవాళ్లకు ఉచిత న్యాయసహాయం ఇవ్వాలని 1987 చట్టం చెబుతోంది. ఆ సంగతి తెలిపే బోర్డు ఒక్కటి కూడా నాకక్కడ కనబడలేదు. మోసంతోనో ఒత్తిడితోనో రాయించుకున్న దస్తావేజును రద్దు చేయమని కోర్టును అడగొచ్చు, కానీ విషయం తెలిసిన నాటి నుంచి మూడేళ్లే గడువు. కాగితంలో ఏముందో తెలియని మనిషి ఆ గడువు ఎలా లెక్కపెట్టుకుంటుంది?

అక్కయ్య చేతికి ఇంతవరకు నకలు కూడా ఇవ్వలేదు. సోమవారం ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లి దరఖాస్తు పెట్టిస్తున్నాను.

— ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు