గోదావరి రంగులు, దామెర్ల బొమ్మలు: ఇంటిచదువు కుటుంబాల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ సభ్యులకు నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు మన సంఘం చేసిన పనిని మీ ముందుంచుతున్నాను. 17 కుటుంబాలతో ఏడాది మొదలుపెట్టాం, ఇప్పుడు 23 అయ్యాం. రాజమహేంద్రవరం, ధవళేశ్వరం, కడియం నుంచి నాలుగేళ్లు మొదలు తొమ్మిదేళ్ల దాకా వయసున్న పిల్లలు 31 మంది శనివారాల్లో కలుస్తున్నారు.

వేసవిలో మనం అచ్చు అభ్యాస పుస్తకాలు కొన్నాం. చుక్కలు కలపడం, గళ్లలో రంగులు నింపడం వంటివి. నెల తిరక్కుండానే పిల్లలు వాటిని పూర్తి చేసేశారు, కానీ ఒక్క పేజీ గురించి కూడా ఇంట్లో ఎవరూ మాట్లాడుకోలేదు. ఆ కొనుగోలు నా సలహా మీదే జరిగింది, అది సరికాలేదు. జులై నుంచి ప్రతి బిడ్డకూ గీతలు లేని తెల్లకాగితాల పుస్తకం, పెన్సిలు, నీటిరంగుల పెట్టె ఇచ్చాం. రాయడం రాని పిల్లలు చెబుతుంటే వాళ్ల మాటను మార్చకుండా అమ్మానాన్నలు కింద రాయాలని నియమం పెట్టుకున్నాం.

ప్రతి శనివారం పుష్కర ఘాట్ దగ్గర నిలబడి, ఆ రోజు గోదావరి ఏ రంగులో ఉందో అరచేతిలో సగమంత గడిలో వేయించాం. వరద రోజుల్లో మెట్ల పైనుంచే చూశాం. ఎర్రనీరు వచ్చినప్పుడు ఇటుకపొడి రంగు కోసం పిల్లలు ఎరుపులో పసుపు, నలుపు కలుపుతూ గంటసేపు కూర్చున్నారు. కార్తీకం దాటాక గడులు మెల్లగా ఆకుపచ్చకు తిరిగాయి. ఇప్పుడు ఆ పేజీలు వరసగా తిప్పితే ఏడాది నది మొత్తం కనిపిస్తుంది. కొండల్లో వానలు పడితే మట్టి కొట్టుకొచ్చి నీరు ఎర్రబడుతుందన్న సంగతి ఎవరూ పాఠంగా చెప్పలేదు, పిల్లలే అడిగి తెలుసుకున్నారు.

కడియంలో ఒక సభ్యురాలి పెరట్లో గన్నేరు చెట్టుకు గొంగళిపురుగులు పట్టాయి. మందు కొట్టబోతుంటే ఆరేళ్ల పాప ఆపింది. పుస్తకంలో మొదటి రోజు నల్లటి కొమ్ములున్న పురుగు. కొన్నాళ్లకు ఆకు కింద వేలాడుతూ వెండిలా మెరిసే గూడు. “దీనికి ఎవరో అద్దాలు అంటించారు” అని పాప చెప్పిన మాట తల్లి చేతిరాతలో ఉంది. తరవాత పేజీలో గూడు నల్లబడింది, ఆ తరవాతది ఖాళీ. సీతాకోకచిలుక ఎగిరిపోయింది, గీసే వ్యవధి దొరకలేదు. ఆ ఖాళీ పేజీని చించవద్దని నేనే అడిగాను.

చిత్రాల అధ్యయనం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఇంగ్లండులో షార్లెట్ మేసన్ (1842–1923) నడిపిన పద్ధతిలో ఒక విడతకు ఒకే చిత్రకారుడిని తీసుకుని ఆరు బొమ్మలు చూపిస్తారు. బిడ్డ బొమ్మను తనివితీరా చూస్తుంది, తరవాత దాన్ని పక్కన పెట్టి గుర్తున్నది చెబుతుంది. చిత్రకారుడి గొప్పతనం మీద ఉపన్యాసం ఉండదు. పద్ధతి వాళ్లదే అయినా, మన ఊళ్లో చిత్రకారుడు దామెర్ల రామారావు వేసిన అసలు చిత్రాలే ఉండగా బయటి బొమ్మల అచ్చు ప్రతులు ఎందుకన్నది సర్వసభ్య సమావేశంలో వచ్చిన ప్రశ్న. అందుకే ఏడాదంతా ఆయననే చూశాం.

1897లో పుట్టిన రామారావు బొంబాయి జె.జె. కళాశాలలో చదివారు. మన ఊరి ఆర్ట్స్ కళాశాల ప్రిన్సిపాల్ కూల్డ్రే ఆయన ప్రతిభను గుర్తించి ప్రోత్సహించారు. ఇరవై ఎనిమిదేళ్లు నిండకముందే, 1925 ఫిబ్రవరిలో, మశూచి ఆయనను తీసుకుపోయింది. ఈ ఫిబ్రవరికి నూరేళ్లు. ఆ నెలలో పిల్లలు ఆయన వేసిన ‘పుష్పాలంకరణ’ చిత్రం ముందు కూర్చున్నారు. ఎవరూ మాట్లాడలేదు. బయటికి వచ్చాక ఒక్కొక్కరూ చెప్పిన దాంట్లో ఏ ఇద్దరి మాటా ఒకటి కాదు. ఆయన స్కెచ్ పుస్తకాల సంగతి విని ఐదేళ్ల బాబు “ఈయనకూ పుస్తకం ఉందా?” అని తన పుస్తకం చంకలో గట్టిగా పెట్టుకున్నాడు. ఆయన భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులేనని చెప్పినప్పుడు ఆడపిల్లల ముఖాలు చూడాల్సింది.

ఒక బాధాకరమైన విషయం కూడా రాయాలి. జనవరిలో పిల్లల పుస్తకాల ప్రదర్శనకు ముందు కొన్నింటిలో పెద్దల చేయి పడింది. వంకరగా ఉన్న పడవలు తిన్నగా అయ్యాయి. ప్రేమతోనే చేశారు, సందేహం లేదు. కానీ తన పడవ మారిపోయిందని ఒక పాప ఆ రోజు పుస్తకం తెరవలేదు. ఇకపై ప్రదర్శనలు ఉండవని, పుస్తకాలకు మార్కులు, బహుమతులు కూడా ఉండవని కార్యవర్గం తీర్మానించింది. బదులుగా పెద్దలూ తమ పుస్తకాలు తెరిచి పిల్లల పక్కన గీయాలి.

చట్టం గురించి చాలామంది అడుగుతున్నారు. 2009 విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ల పిల్లల ఉచిత నిర్బంధ విద్య గురించి చెబుతుంది, ఇంటిచదువును మాత్రం పేరుపెట్టి ప్రస్తావించదు. పదో తరగతి పరీక్షను 14 ఏళ్లు నిండాక జాతీయ సార్వత్రిక విద్యా సంస్థ (ఎన్‌ఐఓఎస్) ద్వారా రాయవచ్చు. మన పిల్లలకు అది ఇంకా దూరం.

లెక్కలు: చందాలు 13,800 రూపాయలు. పుస్తకాలు, రంగులకు 8,900, ప్రయాణాలకు 3,600 ఖర్చయ్యాయి. నిల్వ 1,300.

వచ్చే విడత జూన్ మొదటి శనివారం ఉదయం ఏడింటికి ఘాట్ దగ్గర మొదలవుతుంది. కొత్త పుస్తకాలు అక్కడే ఇస్తాం. పాత పుస్తకాలు కూడా తీసుకురండి, పోయిన జూలై గడి పక్కన పెట్టి చూసుకోవాలని పిల్లలు అడుగుతున్నారు.

ఇట్లు,
కార్యదర్శి